చూపునకు గల ఋణము

హౌరా నుండి చెన్నైకి పోవు ప్రధాన రైలుమార్గమున, మందస రోడ్డు దాటిన పిమ్మట, పలాసకు ముందుగా సుమ్మాదేవి యను చిన్న స్టేషను కలదు. వేగముగా పోవు బండ్లు అచ్చట ఆగవు. కిటికీ చెంత కూర్చున్న ప్రయాణికునకు పడమట మహేంద్రగిరి శ్రేణియు, తూర్పున కొబ్బరితోటలును, జీడితోపులును, నడుమ పచ్చని మళ్లును క్షణకాలము గోచరించి మరుగుపడును. ఎంత చక్కని సీమ యని అతడు తలంచును. ఆ తలంపు అసత్యము కాదు. ఉద్యానవనమను మాటయే ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు.

కాని ఆ సీమలో పుట్టి పెరిగినవానికి కిటికీలో కానరానివి పెక్కు తెలియును. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు, తాతలు నాటిన కొబ్బరిచెట్లు ఒక్క పూటలో నేలకొరిగినవి. మరల నాటిన మొక్క కాపునకు వచ్చువరకు ఇల్లెట్లు గడచునను చింత ప్రతి వాకిటను నిలిచినది. జీడిపిక్క కోయునపుడు చిందిన రసము తగిలి స్త్రీల వ్రేళ్లపై చర్మము నల్లబడి ఊడుచుండును. కారణ మిదియేయని వైద్యశాస్త్రము ఇంకను తేల్చజాలని మూత్రపిండ వ్యాధి ఇంటింటి పెద్దను మంచమున పడవేయుచున్నది. వీనిలో నొకటియును బండిలోనివానికి కనబడదు. చూచినది సత్యమే, చూడనిది అంతకంటె పెద్ద సత్యము.

అట్లగుచో, దారిన పోవువాడు తాను చూచినదానికి ఏమైన ఋణపడి యున్నాడా? లేక చూపు ఉచితమా? చూచుటతో అతని పని తీరిపోయినదా? ఈ ప్రశ్నను సుమ్మాదేవి స్టేషను కడనే విడువక, ఒక మహానగరమునకు కొనిపోయి పరిశీలించుట ఉచితము. ఏలన, ఈనాడు ఉద్దానపు బిడ్డలు కిటికీకి ఇవతలివారు మాత్రమే కారు. దేశాంతరములకు పోయి అవతలివారును అగుచున్నారు.

అట్టి యొక యువకుని ఊహించుకొనవచ్చును. అతడు ఉన్నతవిద్యకై ఇంగ్లండు దేశమునందలి యొక పట్టణమున చేరినాడు. పగలు చదువు, రాత్రివేళ ఒక గిడ్డంగిలో పెట్టెలు మోయుట, నేల తుడుచుట. ఇంటికడ తండ్రి వారమునకు రెండుమార్లు పలాసకు పోయి యంత్రముపై రక్తశుద్ధి చేయించుకొనుచున్నాడు. ఒక శుక్రవారము రాత్రి మిత్రులతో బస్సెక్కి ఆ యువకుడు లండను నగరమునకు బయలుదేరినాడు. శని, ఆదివారములు రెండే అతని చేతనున్నవి. చూడవలసినవాని జాబితా మాత్రము చాంతాడంత యున్నది.

మొదటి దినమున లండన్ టవర్ అను ప్రాచీన దుర్గము. 11వ శతాబ్ది చివర విలియం రాజు కట్టించిన తెల్లని బురుజు దాని నడుమ నున్నది. ఆ కోటలో రాజకిరీటములను ప్రదర్శించు మందిరమున నొక వింత యేర్పాటు కలదు. చూడవచ్చినవారు కిరీటముల ముందు నిలిచిపోకుండ, నేలయే వారిని మెల్లగా ముందునకు కదలించుకొని పోవును. వెనుకనున్నవారికి చోటు కావలెను గదా! యువకుడు కదలెడు పట్టీపై నిలిచి, కోహినూరు వజ్రమును చూచి, అవతలి కొసన దిగినాడు. మధ్యాహ్నము బ్రిటిష్ మ్యూజియము. అచ్చట రుసుము లేదు. ఈజిప్టు శిలలు, గ్రీకు ప్రతిమలు, వానితోపాటు కృష్ణాతీరపు అమరావతి స్తూపమునుండి పోయిన శిల్పఫలకములు. రెండవ దినమున పార్లమెంటు భవనము, గడియారపు గోపురము, వంతెన, నది. ప్రతిచోటను సెల్‌ఫోనుతో నొక ఛాయాచిత్రము. ఆదివారము రాత్రి తిరుగు బస్సులో లెక్కించుకొనగా చిత్రములు నాలుగువందలకు మించినవి. అతడు లండను చూచినట్లా, చూడనట్లా?

ఇచ్చట రెండు ఆక్షేపములు కలుగును. శరణధర్మమున ఇష్టలింగము దేహముననే యున్నది. దైవమునకై కొండలు, నదులు వెదకుకొనుచు తిరుగవలసిన పని లేదు. అట్టివాడు దూరదేశపు కోటలకై ధనమును, కాలమును వ్యయపరచుట వ్యర్థము కాదా యనునది మొదటి ఆక్షేపము. దీనిని తేలికగా త్రోసివేయరాదు. తిరుగుడువలన మాత్రమే పుణ్యము రానట్లు, తిరుగుడువలన మాత్రమే జ్ఞానమును రాదు. అయినను ఆ ధర్మమే కదలని స్థావరముకంటె చలించెడు జంగమమునకు మిన్నయైన స్థానము నొసగినది. 12వ శతాబ్దమున కల్యాణనగరము సైత మొక రాజధానియే. చాళుక్యులకును, పిమ్మట కలచురి బిజ్జలునకును అది పాలనాకేంద్రము. బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున భండారియై యున్న కాలమున బళ్ళిగావి నుండి అల్లమప్రభువు, ఉడుతడి నుండి మహాదేవియక్క ఆ నగరమునకు నడచివచ్చిరి. కాశ్మీర రాజొకడు సింహాసనము విడిచి సతీసమేతముగా కల్యాణమునకు వచ్చి, మోళిగె మారయ్యయై, అడవినుండి కట్టెలమోపు తెచ్చి అమ్ముకొని జీవించెనని సంప్రదాయము చెప్పును. అతనికిని ఆ నగరమున సౌధము లుండెను, సంతలుండెను, వేడుకలుండెను. కాని రాజధానిని చూడవచ్చిన ఆ రాజు, ఆ రాజధాని పొయ్యిలోనికి కట్టె మోసెను. కావున పోవుట దోషము కాదు. పోయినచోట ఏమియు మోయకుండుటయే విచారింపదగినది.

రెండవ ఆక్షేపము కాలమును గూర్చినది. రెండు దినములలో ఎవ్వడేమి చూడగలడు? నిలిచియున్నచో తెలియును గాని, పరుగులో నేమి తెలియునని కొందరందురు. ఇదియును పూర్ణసత్యము కాదు. ఒకే వీధిలో ముప్పది యేండ్లు కాపురముండి ఆ వీధి నూడ్చువాని పేరెరుగనివారు ఉద్దానమునను గలరు, లండనునను గలరు. కాలము చాలనిచో చూపు కొంచెమగును. అంతమాత్రమున తప్పగుట లేదు. చూపును తప్పుచేయునది వేరొకటి. అది ఆ యువకుని బ్రతుకునందే తెల్లమగుచున్నది. వారమునందలి అయిదు రాత్రులు అతడు గిడ్డంగి నేల తుడుచును. ఉదయమున వచ్చు కొనుగోలుదార్లు ఆ నేలపై నడతురు, తుడిచినవానిని ఎరుగరు. అది అతని మనస్సును నొప్పించును. ఆరవ దినమున అతడే లండను మెట్లపై నడచును. ఆ మెట్లు తుడిచినవానిని తానును ఎరుగడు. అయిదు దినములు తాను కనబడని చేతులలో నొకడు. రెండు దినములు తాను చూడని కన్నులలో నొకడు. సెలవు దొరకినంతనే మనుష్యుడు తన బాధనే మరచునట్టి మరపు ఇది.

శరణులు ఈ మరపునకే మందు చెప్పిరి. దాని పేరు కాయకము. కాయకమనగా పొట్టకూటికై చేయు పని మాత్రమే కాదు. లోకమున నిలిచియున్న ప్రతి వస్తువునకు వెనుక చెమటోడ్చిన దేహ మొకటి గలదను ఎరుక. నూలు వడికినవాడు, పడవ నడపినవాడు, చెప్పు కుట్టినవాడు, చాకలి, మంగలి అనుభవమంటపమున ఒక వరుసను కూర్చుండినది ఆ ఎరుకవలననే. ఈ ఎరుకతో చూచినప్పుడు రాజధాని రూపమే మారిపోవును. బురుజు రాజుది కాదు, రాయి మోసిన కూలివానిది. గడియారపు మ్రోత పార్లమెంటుది కాదు, గంటను పోతపోసిన కమ్మరిది.

అంతేకాదు, ఈ చూపు యువకుని తన యింటికే కొనివచ్చును. కోహినూరు కృష్ణానదీతీరమున కొల్లూరు గనిలో దొరకినదని చిరకాలముగా చెప్పుచున్నారు. దానిని భూమినుండి తీసిన కూలివాని పేరు ఏ కిరీటముపైనను లేదు. 1849లో పంజాబు ఆంగ్లేయుల వశమైనప్పుడు, పదియేండ్ల బాలుడైన దులీప్ సింగ్ మహారాజుచేత సంధిపత్రముపై సంతకము చేయించి ఆ రాతిని కొనిపోయిరి. 1937లో అది రాణి కిరీటమున పొదుగబడినది. అమరావతి ఫలకములు 19వ శతాబ్దిలో సముద్రము దాటినవి. టెక్కలికి చేరువనున్న నౌపడలో ఎండలో ఉప్పుమడులు తొక్కినవారు పండించిన ఉప్పుపై సైతము తెల్లదొరల ప్రభుత్వము పన్ను గొన్నది. 1947 వరకు ఆ పన్ను తొలగలేదు. పేదవాని గంజిలోని ఉప్పురాయికిని ఆ మహానగర వైభవమునకును సంబంధము లేకపోలేదు. అతిథినని తలంచి వచ్చిన యువకునకు, ఈ ఇంటి గోడలలో తన తాతల చెమటయును గలదని తెలిసినప్పుడు, చూపు బరువెక్కును.

ఇచ్చట నొక ప్రమాదము పొంచియున్నది. ఆ బరువు కోపముగా మారుట సులభము. అంతయు దోచుకొనిపోయినదే యని తలంచి, యువకుడు ఆ నగరమును ఒక్క మాటతో కొట్టివేయవచ్చును. ఆ కోపమునకు కారణము లేకపోలేదు. న్యాయము అడుగుట తప్పును కాదు. కాని కోపమే చూపునకు బదులైనచో అదియును కదలెడు పట్టీయే యగును. మనుష్యుని నిలువనీయక, ప్రతి వస్తువు ముందునుండి ఒకే వేగమున దాటించుకొని పోవును. ఆ కోటకు రాళ్లు మోసిన ఆంగ్లేయ కూలివాడును, నేడు రాత్రివేళ దాని వాకిలి నూడ్చు స్త్రీయును కొల్లూరు కూలివానికి శత్రువులు కారు, అతని వర్గమువారే. కాయకదృష్టి గలవాడు రాజును, కూలివానిని ఒకే గాటను కట్టడు.

ఆదివారము మధ్యాహ్నమున యువకుడు థేమ్స్ నది దక్షిణపు గట్టునకు చేరినాడనుకొనవచ్చును. లాంబెత్ ప్రాంతమున, ఆల్బర్ట్ ఎంబాంక్‌మెంట్ అను గట్టుపై బసవేశ్వరుని ప్రతిమ యొకటి కలదు. 2015 నవంబరు 14వ తేదీన భారత ప్రధాని నరేంద్ర మోదీ దానిని ఆవిష్కరించినారు. ఏటికి ఆవలిదరిని బ్రిటిష్ పార్లమెంటు భవనము. అనుభవమంటపమున కుల, లింగభేదము లేక సర్వులకు మాటాడు హక్కు నొసగిన మహనీయుని ప్రతిమ చట్టసభకు చేరువగా నిలుచుట సంతోషకరమే. ఏ శరణకుటుంబమువారైనను ఆ గట్టున ఒక్కమారు చేతులు జోడింపక పోరు. అయినను ఆలోచింపదగిన దొకటి మిగిలియున్నది. స్థావరము నశించుననియు, జంగమము నిలుచుననియు బోధించినవాని రూపము సైతము అచ్చట స్థావరమై నిలిచినది. ఛాయాచిత్రము తీసికొని, జాబితాలో నొక పేరు కొట్టివేసి పోయినచో అది కంచుముద్ద. ఆ ప్రతిమ ముందునుండి కదలిన కాళ్లు ఎచ్చటికి పోయినవి, ఏమి మోసినవి అనుదానిలోనే బసవేశ్వరుడు జంగమమగును.

ఆ గట్టు వెంబడియే కొంతదూరము నడచినచో, సెయింట్ థామస్ ఆసుపత్రి ప్రక్కన, పార్లమెంటునకు సరిగా ఎదురుగా, ఒక పొడవైన గోడ యున్నది. 2021 మార్చి మాసాంతమున కోవిడ్ వ్యాధిచే ఆప్తులను కోల్పోయినవారు ఆ గోడపై చేతితో ఎఱ్ఱని హృదయరూపములు గీయసాగిరి. మరణించిన యొక్కొక్కరికి ఒక్కొక్క రూపము. మొదట గీసినవే లక్షన్నర వరకు నుండెను. కొన్నిటిలో పేరు, కొన్నిటిలో తేదీ, కొన్నిటిలో అమ్మ యనియో నాన్న యనియో ఒక్క మాట. దీనిని చూచుటకు రుసుము లేదు, కదలెడు నేల లేదు. ఎండకును వానకును ఎఱుపు వెలిసిపోవుచుండును. స్వచ్ఛందముగా వచ్చువారు కుంచెలు చేతబట్టి మరల మరల దిద్దుచుందురు. ఏ రాజాజ్ఞయును లేని కాయకము అది. ఏ ప్రతిఫలమును లేని దాసోహము అది.

ఉద్దానమునుండి వచ్చిన యువకుడు ఆ గోడముందు ఏమగును? నాన్న యను మాటకడ అతని అడుగు ఆగును. తన సీమలో ఇట్టి గోడ కట్టవలసివచ్చినచో ఎంత పొడవు కావలెనో యని అతని మనస్సు లెక్కింప మొదలిడును. పొరుగింటి పెదనాన్న, చింతచెట్టు క్రింది దుకాణపు తాత, బడిలో తోడి విద్యార్థి తల్లి. వీరి పేర్లు ఏ గోడపైనను లేవు. ఒక్క క్షణము క్రితము అన్యులదైన దుఃఖము ఇప్పుడు తన భాషలో మాటాడుచున్నది. ఆ రెండు దినములలో అతడు లండను చూచినది అప్పుడే. నాలుగువందల చిత్రములలో లేని చూపు అది. అక్కడ అతడు చిత్రము తీయకపోవచ్చును గూడ.

కావున చూపు ఋణము తీరుట కాలముచేత కాదు, సంబంధముచేత. ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపుగింజలు ఏరుకొని దాసోహము చేయువాడు. ఒకనాడు అతడు వాడుకకంటె ఎక్కువ బియ్యము తెచ్చినప్పుడు, భార్య లక్కమ్మ ఆ అధికమును తెచ్చినచోటనే విడిచిరమ్మని పంపినదని కథ. చూపునకును లక్కమ్మవంటి ఇల్లాలు కావలెను. మోయలేనన్ని దృశ్యములు మూటగట్టుకొని వచ్చువానిని ఆమె వాకిటనే నిలిపి, ఇందులో వండి వడ్డింపగలిగినది ఎంత యని యడుగును. పది చోట్లు చూచుటకంటె రెండు చోట్ల నిలుచుట మేలు. నిలిచినచోట ఇది ఎవరి చేతిపని యని యడుగుట మేలు. వీడ్కొనునపుడు, వాకిలి నూడ్చువారికి ఒక నమస్కారమో, కృతజ్ఞతతో నొక మాటయో ఇచ్చిపోవుట మేలు. ఇవి చిన్న పనులే. కాని వీనికి ధనము అక్కరలేదు. వీనిని చేయలేదని చెప్పుటకు ఎవ్వరికిని సాకు దొరకదు.

ఋణము తీర్చవలసిన చోటు మరియొకటి కలదు, అది ఇల్లు. ఇంగ్లండు రాజుల కోటను చూడ వరుసలో నిలిచిన యువకుడు, తన జిల్లాలో వంశధార ఒడ్డున నున్న ముఖలింగమును నిలిచి చూచియుండకపోవచ్చును. తూర్పు గాంగుల కళింగనగరము అదియేయని చరిత్రకారులు గుర్తించినారు. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయముల గోడలపై శిల్పులు చెక్కిన రూపములు నేటికిని నిలిచియున్నవి. 12వ శతాబ్దమున, కల్యాణమున శరణులు గూడిన ఆ శతాబ్దముననే, గాంగుల రాజధాని ఉత్తరమునకు కటకమునకు తరలిపోయినది. రాజధాని పోయినను ఊరు మిగిలినది. ఏటేట శివరాత్రికి జనము వచ్చుచునేయున్నారు. ఒక నగరము ఎట్లు పెరుగును, ఎట్లు తరుగును, తరిగిన పిమ్మట ఏమి నిలుచును అను పాఠము లండనులో సగమే దొరకును. మిగిలిన సగము వంశధార ఒడ్డున నున్నది.

అట్లని దూరప్రయాణము మానవలెనని దీని భావము కాదు. దూరమున నేర్చిన చూపు దగ్గరను పనికిరావలెనని మాత్రమే భావము. పలాసలో 2023 డిసెంబరులో మూత్రపిండ వ్యాధులకై రెండువందల పడకల ఆసుపత్రియును, పరిశోధనా కేంద్రమును ప్రారంభింపబడినవి. హిరమండలమునుండి వంశధార జలము ఉద్దానపు పల్లెలకు గొట్టముల ద్వారా వచ్చుచున్నది. ఇవి ప్రభుత్వము చేయు పనులు. రోగి ప్రక్కన కూర్చుండువారు, రక్తశుద్ధి దినమున బండి కట్టి కొనిపోవువారు, పోయినవారి పేర్లు మరువక చెప్పుకొనువారు మాత్రము ఊరినుండియే రావలెను. మఠములును, కుటుంబములును చేయదగిన దాసోహము ఇది. లండను గోడపై ఎఱుపు దిద్దువారు ఆ ఊరివారే గదా.

ఏదో యొక సెలవులకు ఆ యువకుడు ఇంటికి వచ్చుచున్నాడు. బండి మందస రోడ్డు దాటి వేగము తగ్గినది. ఎదుటి బెంచీపై కూర్చున్న క్రొత్త ప్రయాణికుడు కిటికీలోనుండి తోటలను చూచి, ఎంత చక్కని ఊరు బాబూ, మీదిక్కడేనా యని యడుగును. ఇక్కడే నండీ యని చెప్పి ఊరకుండుట సులభము. కాని లండను గట్టున నిలిచి వచ్చినవాడు ఊరకుండలేడు. ఆ కొబ్బరిచెట్టును ఎవరు నాటిరో, ఆ తోపులోని పిక్కలు ఎవరి వ్రేళ్లను కాల్చునో, ఆ మలుపున నున్న యింట ఎవరు ఏ వారమున పలాసకు పోవుదురో చెప్పనారంభించును. సుమ్మాదేవి స్టేషను వెనుకబడిపోవును. మాట మాత్రము పలాస వచ్చువరకు సాగును. ఆ ప్రయాణికుడు దిగినప్పుడు అతని కన్నులలో తోటతోపాటు నలుగురు మనుష్యులు కూడ నుందురు. చూపు ఋణము తీరుట యనగా ఇంతకంటె వేరు కాదు.